పంచుకున్న విత్తనంతో జపాన్ అసగావో: ఏ రకం ఎవరికి తగినది

టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషి-కసాయిలో మేము కాపురం పెట్టిన మరుసటి ఏడాది, మే నెలలో, పక్కింటి పెద్దావిడ నా చేతిలో రెండు కాగితపు పొట్లాలు పెట్టారు. ఒకదాని మీద "కిక్యో-జకి, ఆరు" అనీ, రెండోదాని మీద "యనగి బొతన్, తల్లిమొక్క నుంచి, ఇరవై" అనీ పెన్సిలుతో రాసి ఉంది. రెండింటిలోనూ ఉన్నవి నల్లటి గింజలే, కమలా తొనను గోరంత చేసినట్టుండే ఆకారంలో. చూపుకు వాటి మధ్య తేడా ఏమీ లేదు. కానీ మొదటి పొట్లంలో ఏ గింజ వేసినా పేరుకు తగిన పువ్వే పూస్తుంది. రెండో పొట్లంలోని ఇరవైలో ఆ పేరుకు తగిన పువ్వు పూసేది లెక్కప్రకారం ఒక్కటే. ఆ ఒక్కటీ మనకు ఒక్క గింజ కూడా మిగల్చకుండా ఎండిపోతుంది. అసగావో విత్తనం ఎవరైనా పంచి ఇస్తామన్నప్పుడు రంగు చూసి, ఫొటో చూసి ఎంచుకునేవారే ఎక్కువ. ఆ విత్తనం తల్లిలా వస్తుందా, రాకపోతే ఎన్నింటికి ఒకటి వస్తుంది, వచ్చిన మొక్క మళ్లీ విత్తనం ఇస్తుందా అన్న ప్రశ్నలే ముందు అడగవలసినవని నా నమ్మకం. ఈ వ్యాసంలో రకాలను ఆ ప్రశ్నల ప్రకారమే పోల్చాను.

అసగావో అంటే ఉదయపు ముఖం అని అర్థం. శాస్త్రీయ నామం ఐపోమియా నిల్. మనకు బాగా తెలిసిన కాశీరత్నం, తూటికూర, చిలగడదుంప కూడా ఈ ఐపోమియా ప్రజాతిలోనివే. సుమారు పన్నెండు వందల ఏళ్ల క్రితం చైనా నుంచి ఇది జపాన్‌కు వచ్చింది పువ్వు కోసం కాదు, విరేచనకారిగా వాడే గింజ కోసం. మన దేశంలో కాలాదానా పేరుతో మూలికల దుకాణాల్లో అమ్మేది కూడా ఈ జాతి గింజే. కాబట్టి ఇంట్లో పసిపిల్లలు ఉన్నవారు పొట్లాలను వారికి అందనంత ఎత్తున ఉంచాలి.

నీలి రంగు మందుమొక్కగా ఉన్న ఇది వింత పువ్వుల మొక్కగా మారింది జపాన్ చరిత్రలో ఎదో యుగం అని పిలిచే కాలంలో (1603 నుంచి 1868 దాకా). అప్పట్లో ఎదో అని పిలిచిన నేటి టోక్యోలో 1806లో జరిగిన పెద్ద అగ్నిప్రమాదం తర్వాత ఖాళీ అయిన స్థలాల్లో తోటమాలులు అసగావో పెంచడం మొదలుపెట్టారని, అక్కడి నుంచే ఆ వేలంవెర్రి అంటుకుందని చెబుతారు. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఒకసారి, 1850ల ప్రాంతంలో మరోసారి ఆ ఆసక్తి పతాకస్థాయికి చేరింది. రేకులు గొట్టాల్లా చుట్టుకున్నవి, దారాల్లా చీలినవి, పువ్వులో నుంచి పువ్వు పుట్టినట్టున్నవి ఆనాటి రంగు బొమ్మల పుస్తకాల్లో కనిపిస్తాయి. ఈ వింత రూపాలన్నిటినీ కలిపి హెంక అసగావో అంటారు. మార్పు చెందిన అసగావో అని దాని భావం. వీటిలో చాలావాటికి విత్తనం పట్టదు. అయినా ఆ తోటమాలులు, వాటితోపాటు మొలిచిన మామూలు తోబుట్టువుల విత్తనం దాచుకుంటే మరుసటి ఏడాది వింత మొక్క మళ్లీ పుడుతుందని అనుభవంతో గ్రహించారు. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ తన బఠాణీల ప్రయోగాలను ప్రచురించింది 1866లో. అంతకు ముందే నిరక్షరాస్యులైన తోటమాలులు కూడా ఈ సూత్రాన్ని చేతల్లో పాటించి ఉంటారని తలుచుకున్నప్పుడల్లా నాకు వారిపట్ల గౌరవం కలుగుతుంది.

తల్లిలాగే వచ్చే రకాలు

విత్తనం ధారాళంగా పట్టి, ఏటా అదే రూపంలో వచ్చే వాటిని మసకి అంటారు. మొదటిసారి పెంచేవారికి, నాలుగైదు కుండీలకు మించి చోటు లేనివారికి నేను నిస్సందేహంగా వీటినే సూచిస్తాను. వీటిలోనూ ఎంపిక చాలానే ఉంది.

కిక్యో-జకి పువ్వు గుండ్రంగా కాక ఐదు కోణాల నక్షత్రంలా విచ్చుకుంటుంది. తత్సుత అనే రకానికి ఆకు లోతుగా చీలి ఉంటుంది, పువ్వు కూడా రేకులు రేకులుగా విడిపోతుంది. ఉజు రకం ముదురాకుపచ్చ ఆకులతో, పొట్టి కణుపులతో ముద్దగా ఎదుగుతుంది. తీగ సాగకపోవడానికి కారణం మొక్క తన ఎదుగుదల హార్మోన్లలో ఒకదాన్ని సరిగా తయారు చేసుకోలేకపోవడమేనని జన్యు పరిశోధకులు తేల్చారు. పందిరి వేసే వీలులేని కిటికీ గట్టుకు ఇది చక్కగా సరిపోతుంది. ఇక షిదరె అనేది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. దాని తీగకు పైకి ఎగబాకాలన్న దిశాజ్ఞానమే ఉండదు, పుల్లకు చుట్టుకోదు, కిందికి వేలాడుతుంది. వేలాడే కుండీలో పెడితే పువ్వులు జలపాతం అంచున తేలుతున్నట్టుంటాయి. ఇవన్నీ అంతర్గత లక్షణాలు, అంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే పైకి కనిపించేవి. కాబట్టి కనిపించిందంటే ఆ లక్షణం ఆ మొక్కలో స్థిరపడినట్టే, దాని సొంత విత్తనంలో అది తప్పకుండా వస్తుంది.

అంచు తెల్లగా ఉండే ఫుకురిన్ మాత్రం ఈ సూత్రానికి లొంగదు. అది బహిర్గత లక్షణం, ఒక్క వైపు నుంచి వచ్చినా కనిపిస్తుంది. తల్లి పువ్వు ఎంత అందంగా అంచు కట్టినా, అది ఒక్క వైపు నుంచే వచ్చినదైతే పిల్లల్లో సుమారు నాలుగో వంతు అంచు లేకుండా పూస్తాయి. అందుకని ఫుకురిన్ విత్తనం ఇచ్చేవారిని, గత రెండు మూడేళ్లుగా ప్రతి మొక్కకూ అంచు వస్తోందా అని అడగడం మంచిది.

పరాగసంపర్కం విషయంలో అసగావో మనకు అనుకూలంగా ఉంటుంది. పువ్వు విచ్చుకునే లోపే దాని కేసరాలు కీలాగ్రాన్ని తాకి, తనలో తానే ఫలదీకరణం చేసుకుంటుంది. పక్కపక్క కుండీల్లో రెండు రకాలు పెట్టినా విత్తనం సాధారణంగా కలుషితం కాదు. ఎవరో పంచి ఇచ్చిన విత్తనాన్ని నమ్మకంగా పెంచి, తిరిగి పంచగలగడానికి మూలకారణం ఇదే.

చారల పువ్వులు

షిబొరి అనే చారల రకం చూడగానే ఎవరికైనా కావాలనిపిస్తుంది. తెల్లని పువ్వు మీద ఎర్రని, నీలి గీతలు, చుక్కలు, కొన్నిసార్లు సగం పువ్వంతా రంగు. ఇలా జరగడానికి కారణం జన్యువుల మధ్య ఒకచోటి నుంచి మరోచోటికి దూకే ఒక డీఎన్ఏ ముక్క. అది రంగు తయారుచేసే జన్యువులో చొరబడి కూర్చున్నంతకాలం రేకు తెల్లగా ఉంటుంది. రేకు ఎదుగుతుండగా ఏదో ఒక కణంలో అది బయటికి దూకితే, ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ రంగు తేలుతాయి. ఆ ముక్కను 1994లో జపాన్ పరిశోధకులు గుర్తించి టీపీఎన్1 అని పేరుపెట్టారు. పువ్వు చిన్నతనంలోనే దూకితే వెడల్పైన పట్టీ వస్తుంది, ఆలస్యంగా దూకితే సన్నని గీత వస్తుంది. రెండు పువ్వులు ఒకేలా ఉండకపోవడం దీని సహజగుణం.

దీన్ని ఎంచుకునేవారు తెలుసుకోవలసింది ఒక్కటే. ఒక కొమ్మ మీద పువ్వులన్నీ గీతలు లేకుండా నిండు రంగులో పూస్తే, ఆ కొమ్మలోని కాయల నుంచి గీతలులేని మొక్కలు వచ్చే అవకాశం ఉంది. నిండు రంగు చూసి మురిసి ఆ కాయలనే కోస్తే రెండు మూడు తరాల్లో చారలు చేజారిపోవచ్చు. సన్నగా, సమంగా గీతలు పడిన కొమ్మలకు రంగు దారం కట్టి, విత్తనం వాటి నుంచే తీయాలి. రోజూ ఉదయం ఐదు నిమిషాలు మొక్క దగ్గర నిలబడి చూసే ఓపిక ఉంటే షిబొరి మంచి ఎంపిక. ఆ ఓపిక లేకపోతే విత్తనం చేతిలో ఉన్నా రకం చేతిలో ఉండదు.

పెద్ద పువ్వులు

దైరిన్ అనే పెద్ద పువ్వుల రకాల్లో పువ్వు 20 సెంటీమీటర్లు దాటి, మనం ఫలహారం పెట్టుకునే పళ్లెమంత అవుతుంది. వీటి విత్తనం స్థిరమైనదే, తల్లిలాగే వస్తుంది. అయితే తల్లిలాగే వచ్చిన మొక్క తల్లంత పువ్వు పూయాలంటే పెంచే చేయి కావాలి. తీగను తుంచడం, మొగ్గలను ఒకటి రెండుకు తగ్గించడం, ఎరువు ఎప్పుడు పెంచాలో ఎప్పుడు ఆపాలో గమనించడం, ఇవన్నీ పట్టించుకోకపోతే అదే గింజ 10, 12 సెంటీమీటర్ల మామూలు పువ్వుతో సరిపెడుతుంది. నగోయా పెంపకందారులు తీగను అసలు ఎక్కనివ్వకుండా చిన్న కుండీలో కత్తిరించి పొట్టిగా నిలిపే పద్ధతి ఒకటి ఉంది. ఆ పొట్టి మొక్క మీద అంత పువ్వు విచ్చుకోవడం చూస్తే కన్ను తిప్పుకోలేము. కానీ అది ఏళ్లతరబడి నేర్చుకోవలసిన విద్య.

ఈ వర్గంలో అందరూ కోరేది దంజూరో. ఇచికవ దంజూరో అనే కబుకి (జపాన్ సంప్రదాయ నాటకం) నటుల వంశం రంగస్థలం మీద ధరించే దుస్తుల రంగును బట్టి దానికి ఆ పేరు వచ్చింది. కాఫీలో పాలు పోసినట్టుండే గోధుమ వర్ణం, తెల్లని అంచు. అసలైన దంజూరోకు ఆకు పసుపు కలిసిన లేతాకుపచ్చగా ఉంటుంది. గోధుమ రంగు పువ్వు పూసే వేరే మొక్కలనూ ఈ పేరుతో పంచుతుంటారు కాబట్టి, విత్తనం తీసుకునేముందు పువ్వు ఫొటోతోపాటు ఆకు ఫొటో కూడా చూపించమని కోరడం మర్యాద తప్పినట్టేమీ కాదు. పెద్ద పువ్వుల్లో కాయలు మామూలు రకాలంత ధారాళంగా నిలవవు. ఉదయాన్నే మెత్తని కుంచెతో పుప్పొడిని కీలాగ్రానికి అంటించే అలవాటు చేసుకుంటే కాయలు పెరుగుతాయి.

నిజానికి, ఒక్క కుండీకే చోటు ఉండి, రోజూ దాని దగ్గర కూర్చోగలిగినవారికి దైరిన్‌ను మించినది లేదు. పది కుండీలున్నా వారానికి ఒక్కరోజే తీరికయ్యేవారు దీని జోలికి వెళ్లకపోవడమే మేలు.

దెమోనో: దొరికినా నిలుపుకోవడం కష్టమైనది

ఇప్పుడు ఆ రెండో పొట్లం సంగతి. యనగి అంటే విల్లో చెట్టు. ఆకు ఆ చెట్టు ఆకులా సన్నగా, పొడవుగా ఉంటుంది, పువ్వు సన్నని పీలికల్లా విడిపోతుంది. బొతన్ అంటే పియోనీ పువ్వు; కేసరాలు, అండకోశం ఉండవలసిన చోట కూడా రేకులే పుట్టి పువ్వు ముద్దగా తయారవుతుంది. అండకోశమే లేని పువ్వుకు కాయ ఎక్కడి నుంచి వస్తుంది? యనగి లక్షణం ఒక్కటే ఉన్న మొక్కకు కూడా విత్తనం పట్టదు. షిషి అనే సింహపు జూలులాంటి రకమూ అంతే: రేకులు గొట్టాల్లా చుట్టుకుని, కొసలు తిరగబడి, చూసినవారిని నిలబెట్టేస్తాయి, విత్తనం దాదాపు ఉండదు. ఇలా రెండు మూడు లక్షణాలు ఒకే మొక్కలో కలిసి వచ్చిన గొడ్డు మొక్కల్ని దెమోనో అంటారు. వాటిని కనే తల్లిమొక్క పైకి పూర్తిగా సాదాగా ఉంటుంది. అంటే మనకు పంచి ఇచ్చే విత్తనం ఎప్పుడూ ఆ సాదా తల్లిదే.

లెక్క ఇలా ఉంటుంది. ఒక్క అంతర్గత లక్షణం కావాలంటే నాలుగు గింజల్లో ఒకటి. రెండు కలిసి రావాలంటే, అవి ఒకదానితో ఒకటి ముడిపడినవి కానప్పుడు, పదహారింటిలో ఒకటి. మూడైతే అరవై నాలుగింటిలో ఒకటి. ఇది సగటు మాత్రమే కాబట్టి నాలుగు గింజలు వేస్తే ఒకటి తప్పక వస్తుందని అనుకోకూడదు. ఒక లక్షణం చూడటానికి కనీసం ఎనిమిది గింజలు మొలిస్తేనే తొంభై శాతం నమ్మకం ఉంటుంది. రెండు లక్షణాలకు అదే నమ్మకం కావాలంటే ముప్పై ఆరు మొలవాలి. పది గింజలు మాత్రమే చేతికొస్తే రెండు లక్షణాల మొక్క కనిపించే అవకాశం సగానికి కాస్త తక్కువ, మూడు లక్షణాలదైతే పదిహేను శాతం. ఎవరైనా మూడు లక్షణాల దెమోనో విత్తనం పది గింజలు ఇస్తామంటే ఆప్యాయతకు సంతోషించాలి గానీ ఆ పువ్వు మీద ఆశ పెట్టుకోకూడదు. పది గింజలే పుచ్చుకునే అవకాశం ఉంటే ఒక్క లక్షణం విడిపోయే పొట్లాన్నే కోరుకోవాలి.

ఈ కష్టాన్ని తగ్గించే వరం ఒకటుంది. చాలా లక్షణాలు మొలకలోనే కనిపిస్తాయి. అసగావో బీజదళాలు, అంటే మొలక తొలి జంట ఆకులు, మామూలుగా వెడల్పుగా, సీతాకోకచిలుక రెక్కల్లా రెండుగా చీలి ఉంటాయి. యనగి మొలకకు అవి సన్నగా, కత్తిలా లేస్తాయి. షిషి మొలకకు ముడుచుకుని ఉంటాయి. వారం, పది రోజుల వయసులోనే వేరు చేయవచ్చు కాబట్టి ఇరవై గింజలకు ఇరవై కుండీలు అక్కర్లేదు; టీ కప్పులంత గిన్నెల్లో మొలిపించి, కావలసినవాటినే పెద్ద కుండీలోకి మార్చవచ్చు. బొతన్ మాత్రం మొలకలో తెలియదు. మొగ్గ లావుగా ఉబ్బేదాకా ఆగవలసిందే.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు ఇక్కడే జరిగింది. ఇరవైలో పద్దెనిమిది మొలిచాయి. వాటిలో నాలుగింటి బీజదళాలు సన్నగా లేచాయి. సంబరంగా ఆ నాలుగింటినీ కుండీల్లో నాటి, మిగతా పద్నాలుగూ మామూలు ఆకులతో ఉన్నాయని పీకేశాను. ఆగస్టు నెలలో ఒక ఉదయం ఆ నాలుగింటిలో ఒకటి విచ్చుకుంది: లేత ఊదా రంగు పీలికలు, వాటి నడుమ మరో పొర, మళ్లీ దాని నడుమ ఇంకొకటి. పెద్దావిడను పిలిచి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, ఎంతో మెల్లగా అడిగారు: "ఆకు మామూలుగా ఉన్నవాటిని ఏం చేశావమ్మా?" అప్పటికి నాకు విషయం అర్థమైంది. ఆ వంశం నా బాల్కనీలో ఆ పువ్వుతోనే ముగిసింది. అదే పొట్లం ఆవిడ మరుసటి వసంతంలో మళ్లీ ఇచ్చారు, ఈసారి కొంచెం ఎక్కువ గింజలతో.

దెమోనో తీసుకునేవారు ముందుగానే నిర్ణయించుకోవలసింది, సాదాగా కనిపించే తోబుట్టువులకు ఎన్ని కుండీలు ఇవ్వగలమన్నది. ఒక్క లక్షణమే విడిపోయే వంశంలో, సాదా తోబుట్టువుల్లో ప్రతి మూడింటికి రెండు ఆ లక్షణాన్ని లోపల దాచుకుని ఉంటాయి. మూడు మొక్కలు నిలిపితే కనీసం ఒక్కటైనా దాన్ని మోస్తుందని తొంభై ఆరు శాతం నమ్మవచ్చు. యనగి బొతన్‌లా రెండు లక్షణాలున్న వంశంలో, ఆకు మామూలుగా ఉండి ఒంటి రేకు పువ్వు పూసినవాటిలో రెండూ మోసేవి తొమ్మిదింటికి నాలుగు. ఐదు మొక్కలు నిలిపితే నమ్మకం తొంభై ఐదుకు దగ్గరవుతుంది, మూడైతే ఎనభై మూడు. ఏ తోబుట్టువు విత్తనం ఆ తోబుట్టువు పేరుతోనే విడిగా దాచాలి. అన్నీ ఒకే డబ్బాలో కలిపేస్తే, మరుసటి ఏడాది దెమోనో పుట్టించినది ఏ మొక్కో తెలియక, పనికిరాని విత్తనాన్ని పనికొచ్చేదానితో సమానంగా పెంచుతూ పోతాము.

ఇంత శ్రమకు తగిన ఫలం ఉందా అని అడిగితే, ఉందనే చెబుతాను. అయితే కనీసం పది, పన్నెండు చిన్న కుండీలకు ఎండ తగిలే చోటు, రెండు మూడేళ్లు వరుసగా పెంచగల స్థిరత్వం ఉన్నవారికే. వేసవిలో నెల రోజులు ఊరు వెళ్లేవారు, ఇల్లు మారబోయేవారు ఆ విత్తనాన్ని ఇచ్చినవారి దగ్గరే ఉండనివ్వడం ఆ వంశానికి క్షేమం. క్యూషూ విశ్వవిద్యాలయంలో పరిశోధన కోసం ఎన్నో వంశాలను భద్రపరుస్తున్నారు, చిబా జిల్లా సకురాలోని జాతీయ చరిత్ర మ్యూజియం వారి ఉద్యానంలో ప్రతి వేసవిలో సంప్రదాయ అసగావోల ప్రదర్శన జరుగుతుంది. కానీ ఎదో కాలపు రూపాలు ఈనాటిదాకా వచ్చింది చాలామటుకు ఇళ్లలో, చేతులు మారుతూనే.

ఉండే ఊరిని బట్టి

అసగావో రాత్రి నిడివిని కొలిచి పూసే మొక్క. పొద్దు తగ్గి రాత్రి పెరిగితేనే మొగ్గ వేస్తుంది. వయొలెట్ అనే రకం మొలకకు, ఇంకా బీజదళాలు మాత్రమే ఉన్న దశలో, ఒక్కసారి 16 గంటల చీకటి ఇస్తే చాలు, మొగ్గ వేస్తుందని ప్రయోగశాలల్లో అందరికీ తెలిసిన విషయం. టోక్యోలో జూన్ నెలాఖరు పగలు సుమారు 14 గంటల 35 నిమిషాలు, హైదరాబాద్‌లో 13 గంటల 10 నిమిషాలు. ఈ తేడా వల్ల తెలుగునాట మొక్క తీగ బాగా సాగకముందే పూతకు వచ్చేస్తుంది. దైరిన్ పెంచేవారికి ఇది నష్టం, ఎందుకంటే పెద్ద పువ్వు మోయడానికి మొక్కకు తగినంత ఆకు ఉండాలి. కిక్యో, ఉజు, షిబొరి పెంచేవారికి ఇబ్బంది లేదు. దెమోనో పెంచేవారికి ఒకవిధంగా మేలే, పువ్వు త్వరగా తేలుతుంది, తోబుట్టువుల కాయ పండటానికి కావలసినంత కాలం మిగులుతుంది. ఎండలు మండే ఏప్రిల్, మే నెలల్లో లేత మొలకలను నిలబెట్టడం కష్టం కాబట్టి తొలకరి పడి గాలి చల్లబడ్డాక విత్తడం నయం.

న్యూజెర్సీ, లండన్ వంటి చోట్ల ఉన్న మనవారికి సమస్య తిరగబడుతుంది. అక్కడ వేసవి పగళ్లు ఇంకా పొడవు. పూత ఆగస్టుకో ఆ తర్వాతకో జరిగి, కాయ పండేలోపే మంచు కురవవచ్చు. కాయ గోధుమ రంగుకు తిరగడానికి పువ్వు వాడిన నాటి నుంచి నెల పైనే పడుతుంది. అక్కడివారు ఇంట్లోనే ముందుగా మొలిపించి, త్వరగా పూసే మసకి రకాలతో మొదలుపెట్టాలి. ఎక్కడున్నా, రాత్రంతా వీధిదీపం పడే చోట కుండీ పెడితే మొక్క దాన్ని పగలుగానే లెక్కిస్తుంది. పూత రావడం లేదని ఎరువు పెంచేముందు రాత్రిపూట ఒకసారి బాల్కనీలోకి వెళ్లి చూడటం మంచిది.

ఇంకొక జాగ్రత్త. మన పల్లెల్లో కంచెల మీద, చేల గట్ల మీద ఇదే జాతి కలుపుగా నీలి పువ్వులతో పాకుతుంది. అసగావో తనలో తానే ఫలదీకరణం చేసుకున్నా, తేనెటీగలు మోసుకొచ్చే పుప్పొడిని పూర్తిగా కొట్టిపారేయలేము. విత్తనానికి ఉంచిన మొగ్గ కొసను ముందురోజు సాయంత్రమే మెత్తని దారంతో వదులుగా కట్టేస్తే పువ్వు విచ్చుకోకుండానే లోపల కాయ కడుతుంది. మిగిలిన గింజలను పొలాల దగ్గర పారేయకూడదు. జపాన్ నుంచి వచ్చేటప్పుడు సంచిలో నాలుగు గింజలు వేసుకు రావడం చిన్న విషయంలా అనిపిస్తుంది, కానీ 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం భారతదేశంలోకి విత్తనం తేవాలంటే దిగుమతి అనుమతి, తెగుళ్లు లేవని ఎగుమతి చేసే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ ధ్రువపత్రం ఉండాలి. ఇప్పటికే మన దేశంలో పెంచుతున్నవారి దగ్గర తీసుకోవడమే సులువైన దారి.

ఇచ్చేవారిని అడగవలసినవి

పేరు ఒక్కటీ సరిపోదు. ముందుగా, ఇది ఐపోమియా నిల్ అవునా కాదా తేల్చుకోవాలి. హెవెన్లీ బ్లూ పేరుతో దొరికే ఆకాశనీలం పువ్వు వేరే జాతి, దాని ఆకు నున్నగా ఉంటుంది, అసగావో ఆకు మీద నూగు ఉంటుంది. ఆ తర్వాత, ఈ గింజలు లక్షణం కనబరచిన మొక్కవా, దాని సాదా తోబుట్టువువా, ఒక్క మొక్కవేనా, చాలా మొక్కలవి కలిసినవా, ఏ ఏడాదివి, గత ఏడాది ఎన్ని వేస్తే ఎన్ని విడిపోయాయి. వీటికి జవాబు చెప్పగలిగినవారు ఇచ్చే పది గింజలు, చెప్పలేనివారు ఇచ్చే వందకంటే విలువైనవి. ప్రతి జూలై 6 నుంచి 8 వరకు టోక్యోలోని ఇరియాలో జరిగే అసగావో సంతలో కొన్న కుండీల నుంచి తీసిన విత్తనం కూడా కొందరు పంచుతారు. ఒకే కుండీలో వేర్వేరు రంగుల మొక్కలు కలిపి పెంచి అమ్ముతారు కాబట్టి, ఏ తీగ నుంచి కోశారో గుర్తు లేకపోతే దాన్ని రంగుల కలగాపులగంగా తీసుకుని, పిల్లల చేత నాటించడానికి వాడుకోవచ్చు. జపాన్‌లో ఒకటో తరగతి పిల్లలు బడిలో అసగావో పెంచి, బొమ్మ గీసి, డైరీ రాస్తారు. వారికి రకం శుద్ధితో పనిలేదు, మొలక మట్టిని తోసుకుని లేవడమే పండుగ.

విత్తేటప్పుడు గింజకు గట్టి పొట్టు ఉంటుంది కనుక, తొన వీపులా గుండ్రంగా ఉన్న వైపు గోళ్ల కత్తిరితో పిసరంత చిదమాలి. లోపలి తెల్లని పొర గీతలా కనిపిస్తే చాలు, ఆగిపోవాలి. తొడిమ ఉన్న కొసను తాకకూడదు, మొలక అక్కడే ఉంటుంది. సెంటీమీటరు లోతున నాటి, 25 డిగ్రీల వెచ్చదనం ఉండేలా చూస్తే నాలుగైదు రోజుల్లో మెడ వంచి పైకి వస్తుంది. పొట్టు ఊడకుండా బీజదళాలకు అతుక్కుని వస్తే లాగకుండా తడిపి వదిలేయాలి. లాగితే చిరిగిన దళాల ఆకారాన్ని చూసి రకం పోల్చడం సాధ్యం కాదు.

కాయలో మూడు అరలు, అరకు రెండు చొప్పున ఆరు గింజలు. కాయ ఎండి గోధుమ రంగుకు వచ్చాక కోసి, నీడన ఆరబెట్టి, కాగితపు పొట్లంలో పెట్టి, సిలికా జెల్‌తో డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో ఉంచితే ఏళ్లతరబడి మొలకెత్తే శక్తి నిలుస్తుంది. పొట్లం మీద రకం పేరు, తల్లిమొక్క సంఖ్య, ఏడాది, తోబుట్టువుల్లో ఎన్ని ఎలా వచ్చాయన్న లెక్క రాయాలి. ఇంకు తడికి చెరుగుతుంది కాబట్టి పెన్సిలుతోనే రాయాలి. నా దగ్గర ఇప్పుడున్న యనగి బొతన్ పొట్లాలు ఐదు. మూడో నంబరు తల్లి నుంచే గత వేసవిలో దెమోనో పుట్టింది. దాని గింజల్లో సగం పెద్దావిడకు తిరిగి ఇచ్చాను, మిగతా సగం మే నెల దాకా ఫ్రిజ్ తలుపు అరలో ఉంటాయి.